ఆ నేల ఖాళీగా లేదు

గోల్ఫ్ కోర్సు కట్టినా, రిసార్టు కట్టినా, గని తవ్వినా మొదట జరిగేది నేల చదును. ఒకప్పుడు నెలలు పట్టిన ఆ పని ఇప్పుడు గంటల్లో ముగుస్తోంది. ఆ గంటల్లో ఏం పోతుందో తెలుసుకోవాలంటే శ్రీకూర్మం తీరం కంటే మంచి చోటు లేదు.

శ్రీకాకుళానికి పదిహేను కిలోమీటర్ల లోపు, గార మండలంలో ఉంది శ్రీకూర్మం. విష్ణువు కూర్మరూపంలో మూలవిరాట్టుగా పూజలందుకునే అరుదైన క్షేత్రమిది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు నిలిచి ఉంటాయి. 13వ శతాబ్దిలో నరహరితీర్థులు ఇక్కడ శాసనం వేయించారు. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను సంరక్షిస్తున్నారు. భక్తులు వాటికి ఆకుకూరలు పెట్టి, దండం పెట్టుకుని వెళ్తారు.

ఈ తాబేలు స్వతహాగా గుడిలో పుట్టి పెరిగే ప్రాణి కాదు. ముళ్లపొదలు, గడ్డి, ఎండిన మెట్ట నేల దాని సొంత చోటు. అలికిడి వినగానే పాము పక్క పొదలోకి జారుకుంటుంది, కముజు పిట్ట ఎగిరిపోతుంది, కుందేలు గెంతుతుంది. తాబేలు మాత్రం తల లోపలికి లాక్కుని ఉన్నచోటే ఆగిపోతుంది. నక్క నుంచీ కుక్క నుంచీ దాన్ని కాపాడిన ఈ అలవాటే పొక్లెయిన్ ముందు దాని ప్రాణం తీస్తుంది. అది పెట్టే గుడ్లు కూడా జానెడు లోతు దాటని గుంతలోనే ఉంటాయి. మట్టిని పై పొర గీకితే చాలు, ఆ ఏటి సంతానం పోయినట్టే.

2019లో ఈ జాతిని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైన జాబితాలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో మొదటి షెడ్యూలు రక్షణ దక్కింది. పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. అయితే అది బతికే నేలకు అలాంటి రక్షణ లేదు. రెవెన్యూ రికార్డుల్లో ఆ నేల పేర్లు బంజరు, పోరంబోకు, గయాలు. ప్రాజెక్టు ఏదైనా ఊళ్లోకి వచ్చిందంటే అధికారుల వేలు మొదట చూపేది ఈ మూడింటినే.

ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది?

శ్రీకూర్మం నుంచి మత్స్యలేశం, బందరువానిపేట, కళింగపట్నం వరకు తీరమంతా ఇసుక మేటలే. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నకైట్ శిలలు యుగాలుగా అరిగి, నాగావళి, వంశధార నదులు మోసుకొచ్చి సముద్రంలో కలిపితే, అలలు తిరిగి ఒడ్డుకు చేర్చిన ఇసుక ఇది. అందులో ఇల్మెనైట్, గార్నెట్, సిలిమనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తల పత్రాల్లో ‘శ్రీకూర్మం నిక్షేపం’ అంటే గుడి కాదు, ఈ ఇసుకే.

ఈ ఖనిజాల కోసం గార మండల తీరంలో ఒక ప్రైవేటు సంస్థకు లీజు దక్కింది. ఇసుకను తవ్వి, బరువైన ఖనిజాలను వేరు చేసి, మిగిలినదాన్ని తిరిగి గుంతల్లో నింపి మొక్కలు నాటడం ఈ తరహా గనుల పద్ధతి. 2019లో కేంద్రం అణు ఖనిజాల నిబంధనలను కఠినం చేసి, తీర ఇసుకలో ప్రైవేటు లీజులకు స్వస్తి చెప్పింది. ఆ నిర్ణయం వెనకున్న కారణం మోనజైట్‌లోని థోరియం. ఇసుక మీద బతికే పల్లెల క్షేమం ఆ లెక్కలోకి రాలేదు.

ఆ పల్లెలకు ఇసుక చేసే మేలు మూడు రకాలు. మొదటిది తాగునీరు. వాన ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ మంచినీటి పొరగా నిలుస్తుంది. ఒడ్డుకు దగ్గర్లో చెలమ తీస్తే తీయని నీరు ఊరడానికి కారణం అదే. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, కింద దాదాపు నలభై మీటర్ల వరకు ఉప్పునీటిని అది అదిమిపెడుతుందని జలశాస్త్ర సూత్రం. పైన మీటరు తగ్గితే కింద నలభై మీటర్లు నష్టపోతాం. దిబ్బను చదును చేసి, పక్కనే పెద్ద మోటార్లు బిగిస్తే జరిగేది ఇదే.

రెండోది రక్షణ. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు ఈ తీరాన్ని ఎలా కుదిపేశాయో శ్రీకాకుళం, విజయనగరం వాసులకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. తిత్లీ ధాటికి ఉద్దానంలో కొబ్బరి తోటలకు తోటలే నేలకొరిగాయి. అలాంటి రోజున ఉప్పెనకు మొదట అడ్డు నిలిచేది ఇసుక దిబ్బ. ఆ దిబ్బను పట్టి ఉంచేవి బాలబంద తీగ, రావణాసురుడి మీసాలనే ముళ్లగడ్డి, మొగలి పొదలు. వాటి వెనక సరుగుడు తోపులు, జీడిమామిడి, తాటిచెట్లు వరుస కట్టి ఉంటాయి.

మూడోది బతుకు. జీడిపిక్కలు ఏరేవాళ్లు, సరుగుడు కొట్టి పుల్లలు మోసేవాళ్లు, తాటాకు కోసేవాళ్లు, మేకలు కాసేవాళ్లు, వలలు ఆరబెట్టుకునేవాళ్లు. వీళ్లలో చాలామందికి అక్కడ సెంటు భూమి ఉండదు. జిరాయితీ కాగితం లేకపోయినా ఏడాదిలో కొన్ని నెలల తిండి ఆ నేలే పెడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేదీ ఈ ఒడ్డుకే. అటవీ శాఖ వాళ్లు, స్వచ్ఛంద కార్యకర్తలు, మత్స్యకార యువకులు రాత్రుళ్లు తిరిగి ఆ గుడ్లను సంరక్షణ కేంద్రాలకు చేరుస్తుంటారు.

మైదానం ఎలా తయారవుతుంది?

గోల్ఫ్ పుట్టింది కూడా ఇలాంటి ఇసుక మేటల మీదే. స్కాట్లాండ్ తూర్పు తీరంలో దున్నడానికి పనికిరాని గడ్డి దిబ్బల మీద గొర్రెలు మేసిన చోట ఆట మొదలైంది. సెయింట్ ఆండ్రూస్ మైదానం 1764లో పద్దెనిమిది గుంతలకు కుదురుకుని, ప్రపంచానికి ఆ లెక్క ఇచ్చింది. ఆ పాత మైదానాలను ఎవరూ తవ్వి కట్టలేదు. గాలి, వాన, గొర్రెలు కలిసి తీర్చిన నేల మీద మనుషులు ఆడుకున్నారు. 1829లో కలకత్తాకు వచ్చిన ఆట, ఆ తర్వాత విశాఖకూ చేరింది.

ఇప్పటి పద్ధతి వేరు. పద్దెనిమిది గుంతల మైదానానికి 120 నుంచి 180 ఎకరాలు కావాలి. సర్వేయర్లు కొయ్యలు పాతి హద్దులు గీస్తారు. ఉంచాల్సిన చెట్లకు రిబ్బన్లు కడతారు. మిగిలినవాటిని కొట్టేసి, మొద్దులను వేళ్లతో సహా పెకలిస్తారు. పై మట్టిని సుమారు అర అడుగు మందాన గీకి ఒక పక్క కుప్ప పోస్తారు. డోజర్లు ఎత్తులను కోసి పల్లాల్లో నింపుతాయి. నేల స్వభావాన్ని బట్టి ఈ దశలో లక్షల ఘనపు మీటర్ల మట్టి కదులుతుంది. తర్వాత మురుగు గొట్టాలు, నీటి గొట్టాలు వేస్తారు. బంతి చివరకు చేరే ‘గ్రీన్’ కింద పది సెంటీమీటర్ల గులకరాళ్లు, వాటిపై ముప్ఫై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం పరవడం అమెరికా గోల్ఫ్ సంఘం పెట్టిన ప్రమాణం. ఆఖరున బెర్ముడా జాతి గరిక నాటి, నెలల తరబడి నీళ్లు పెట్టి పెంచుతారు.

మన ఎండలకు ఇలాంటి మైదానం వేసవిలో రోజుకు పది లక్షల లీటర్ల స్థాయిలో నీరు తాగుతుంది. జల్ జీవన్ మిషన్ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే ఒక్క మైదానం తాగే నీరు పద్దెనిమిది వేల మంది అవసరంతో సమానం. నగరంలో శుద్ధి చేసిన మురుగునీటితో దీన్ని నడపొచ్చు. తీరపల్లెలో మురుగునీటి శుద్ధి కేంద్రం ఉండదు కాబట్టి భారం బోర్ల మీద, ఆ బోర్ల కింద ఉన్న పలచని మంచినీటి పొర మీద పడుతుంది.

ఈ దశలన్నింటిలో వెనక్కి తీసుకోలేనిది ఒక్కటే, చెట్లు పెకలించి పై మట్టి గీకే దశ. గడ్డి వద్దనుకుంటే తీసేయొచ్చు. గొట్టాలు పీకేయొచ్చు. కట్టడాన్ని కూడా కూల్చొచ్చు. దిబ్బ పొరలు, వాటిలోని గింజలు, వేళ్లు, పుట్టలు, గూళ్లు ఒకసారి కలగాపులగమయ్యాక ఏ ఇంజినీరూ తిరిగి పేర్చలేడు. పలుగు, పార, తట్టలతో కూలీలు దిగిన రోజుల్లో ఈ పని నెలల పాటు సాగేది. గూడు కనిపిస్తే చేయి ఆగేది, పాత ఇటుక తగిలితే నలుగురు చేరి చూసేవారు, ఊరివాళ్లు అభ్యంతరం చెప్పడానికి వ్యవధి దొరికేది. గంటల లెక్కన అద్దెకు వచ్చే యంత్రానికి ఆ తీరిక లేదు. రాత్రి దీపాలు పెట్టుకుని తెల్లారేసరికి ఎకరాలకు ఎకరాలు నున్నగా చేసేస్తుంది. కోర్టు స్టే ఇచ్చేలోగా కాపాడాల్సింది మాయమైపోతుంది.

పుట్టినింట్లోనే పోయిన దిబ్బలు

ఇది ఊహ కాదు, గోల్ఫ్ పుట్టిన స్కాట్లాండ్‌లోనే జరిగింది. అబర్డీన్‌కు ఉత్తరాన బాల్మెడీ తీరంలో గాలికి కదిలే ఇసుక దిబ్బలకు శాస్త్రీయ ప్రాముఖ్యం ఉన్న ప్రదేశంగా చట్టపరమైన గుర్తింపు ఉండేది. డోనాల్డ్ ట్రంప్ సంస్థ అక్కడ గోల్ఫ్ కోర్సు కడతామంది. 2007లో స్థానిక కమిటీ కుదరదంది. 2008లో స్కాట్లాండ్ ప్రభుత్వం ఉద్యోగాలు, పెట్టుబడులు వస్తాయని అనుమతించింది. 2012లో మైదానం తెరిచారు. ఆట కోసం దిబ్బలు కదలకుండా గడ్డి నాటి బిగించారు. కదలికే ఆ దిబ్బల ప్రాణం. 2020 డిసెంబరులో ప్రకృతి సంరక్షణ సంస్థ నేచర్‌స్కాట్ ఆ ప్రదేశానికి ఉన్న గుర్తింపును తొలగించింది. కాపాడదగిన లక్షణాలు ఇక మిగల్లేదని తేల్చింది.

మరో దారి కూడా ఉంది. అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో 1995లో తెరిచిన శాండ్ హిల్స్ మైదానాన్ని మట్టిని దాదాపు కదపకుండా, నేల వాలును అనుసరించి తీర్చారు. వాషింగ్టన్ రాష్ట్రంలో చేంబర్స్ బే మైదానాన్ని ఇసుక, కంకర తవ్వి వదిలేసిన పాత గనిలో కట్టి, 2007లో తెరిచారు. 2015లో అక్కడే యూఎస్ ఓపెన్ ఆడారు. అప్పటికే తవ్వేసిన నేలను బాగుచేస్తే కొత్త నేల చెడదు. ఆట ఆడేవారికి లోటు రాదు. గోల్ఫ్ మీద కోపం పెంచుకోవడానికి మనకు కారణమేమీ లేదు. అది ఏ నేల మీద, ఎవరి నీటితో, ఏం తొలగించి వస్తుందన్నదే మనం పట్టించుకోవాల్సిన విషయం.

మన గడ్డ మీద

తెలుగు నేల మీద ఇలాంటి గోల్ఫ్ అనుభవం హైదరాబాద్‌లో ఉంది. గోల్కొండ కోటకు కుతుబ్ షాహీలు చేర్చిన నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం వచ్చింది. ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలిచే మహావృక్షం ఉన్న చోటు అది. రక్షిత కట్టడం ఆవరణలో మైదానం ఏమిటని చరిత్ర ప్రియులు ఏళ్ల తరబడి పోరాడారు. పురావస్తు శాఖ తవ్వకాల్లో అక్కడి మట్టి కింద కుతుబ్ షాహీల నాటి ఉద్యానవనం ఆనవాళ్లు బయటపడ్డాయి.

గార మండలానికి ఈ పాఠం మరీ దగ్గరిది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నాయని 1919లో గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. అంతకు ముందు అది పొదలు కమ్మిన గుట్ట. ఆ రోజుల్లో ఎవరైనా దాన్ని చదును చేసి ఉంటే కళింగ చరిత్రలో ఒక అధ్యాయం మనకు దక్కేది కాదు. శ్రీకూర్మం నుంచి కళింగపట్నం దాకా ఇంకా ఎవరూ తవ్వి చూడని దిబ్బలు ఎన్నో ఉన్నాయి.

విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలది ఇటీవలి ఉదాహరణ. వేల ఏళ్ల కిందట సముద్ర మట్టాలు పెరుగుతూ తగ్గుతూ ఉన్న కాలంలో ఏర్పడిన దిబ్బలవి. 2014లో వాటికి జాతీయ భూవారసత్వ గుర్తింపు వచ్చింది. అయినా 2024 జులైలో ఒక గృహనిర్మాణ సొసైటీ భూముల్లో యంత్రాలు దిబ్బలను చదును చేస్తుంటే, జనం గొంతెత్తాకే పని ఆగింది. 2025లో ఆ దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. గుర్తింపు కాగితం యంత్రాన్ని ఆపలేకపోయింది, చూసి అడ్డుపడిన మనుషులు ఆపారు.

సోంపేట బీల కథ మరింత బరువైనది. వాననీరు నిలిచి, పొలాలకు సాగునీరు, జాలర్లకు చేపలు, పశువులకు మేత ఇచ్చే చిత్తడి నేల బీల. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం దాన్ని పనికిరాని భూమిగా చూపించారు. రైతులు, మత్స్యకారులు కలిసి అడ్డం నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బీలను బీలగా ఒప్పించే పోరులో రెండు ప్రాణాలు పోయాయి. చదునుకు ముందే ఎవరైనా అధికారి నాలుగు కాలాల్లో ఆ నేల మీద నడిచి చూసి ఉంటే ఆ ఇద్దరూ బతికి ఉండేవారు.

విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయం ఇంకో సంగతి చెబుతుంది. 2015 ప్రాంతంలో 15,000 ఎకరాలన్న మాట జనం ఎదురు తిరిగాక తగ్గుతూ వచ్చి, చివరకు దాదాపు 2,200 ఎకరాలకు దిగింది. కొబ్బరి, జీడి, సరుగుడు తోటలు పోయాయి. ముడసర్లపేట, బొల్లింకలపాలెం వంటి ఊళ్లు పునరావాస కాలనీలకు కదిలాయి. విమానాశ్రయం ఉత్తరాంధ్రకు అవసరమే. కానీ మొదట చెప్పిన లెక్కలో ఏడో వంతుతో పని జరిగిందంటే, ‘ఇంత భూమి కావాల్సిందే’ అన్న మాటను మొదటి రోజునే ప్రశ్నించాలని అర్థం. చదును అయ్యాక తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు. విమానాశ్రయం వెంట తీరం పొడవునా లేఅవుట్లు, రిసార్టులు వస్తున్నాయి. కాబట్టి ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి.

చట్టం మన పక్షానే ఉంది

2011 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను సొగసు కోసం, వినోదం కోసం చెక్కడాన్ని, మార్చడాన్ని నిషేధించింది. 2019 నోటిఫికేషన్‌లోనూ క్రియాశీల దిబ్బల మీద ఆ నిషేధం కొనసాగింది. తీర రిసార్టులకు పెట్టిన షరతుల్లో దిబ్బలను చదును చేయకూడదని స్పష్టంగా ఉంది. శాశ్వత క్రీడా నిర్మాణాలకు కూడా అనుమతి లేదు. గోల్ స్తంభాలు, వల స్తంభాలు, దీపస్తంభాల వరకే మినహాయింపు. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లకు అన్నింటికన్నా పై తరగతి రక్షణ ఉంది.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి లేకుండా చెట్లు కొట్టకూడదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సెంటు భూమి లేకపోయినా, మూడేళ్లుగా ఆ నేల మీద పనిచేసి బతుకుతున్న కూలీలు, కౌలుదారులు కూడా బాధిత కుటుంబాలే. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే భూమి కోల్పోయే కుటుంబాల్లో నూటికి ఎనభై సమ్మతించాలి. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోనూ ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఏ చెట్టు ఎక్కడుంది, ఏ పిట్ట ఎప్పుడు వస్తుంది, ఏ మూలిక ఎవరు వాడతారు అన్నీ అందులో రాయాలి. ఆ ఊరి నేల ఖాళీగా లేదని చెప్పే అధికారిక సాక్ష్యం అది. ఆ పుస్తకంలో పేజీలు ఖాళీగా ఉంటే నేల కూడా ఖాళీ అనే రాసుకుంటారు.

ఒక ఏడాది నడవాలి

ఉత్తరాంధ్ర జిల్లాల తీరంలో ఏ ప్రాజెక్టుకైనా చెట్టు మీద గొడ్డలి, మట్టి మీద యంత్రం పడే ముందు ఒక పూర్తి ఏడాది నేల మీద నడిచి లెక్క తీయాలి. రెండు వారాల సర్వే చాలదు. నక్షత్ర తాబేలు వానల్లో బయట తిరుగుతుంది. వలస పక్షులు చలికాలంలో దిగుతాయి. ఆలివ్ రిడ్లే మాఘ, ఫాల్గుణాల్లో ఒడ్డెక్కుతుంది. జీడిపిక్క ఏరేవాళ్లు వేసవిలోనే కనిపిస్తారు. మే నెలలో చూసి వెళ్లినవాడికి బీల బీడులాగే కనిపిస్తుంది. ఆ నడకలో మత్స్యకారులు, మేకల కాపరులు, తోట కూలీలు ఉండాలి. వాళ్లకు రోజు కూలీ కట్టి తీసుకెళ్లాలి. బావుల నీటి మట్టం నెలనెలా రాయాలి. చదును పనిని విడిగా గ్రామసభ ముందు పెట్టి ఒప్పించుకోవాలి. రాత్రిపూట చదును పనిని పూర్తిగా నిషేధించాలి. పై మట్టిని అమ్ముకోకుండా నిల్వచేసి, అదే చోట తిరిగి పరిచే షరతు పెట్టాలి.

ఇందులో ప్రభుత్వం చేయాల్సింది చాలా ఉంది. మనం ఆగకుండా మొదలుపెట్టగలిగేది ఒకటుంది. శ్రీకూర్మం, మత్స్యలేశం, బందరువానిపేట, కళింగపట్నం, భోగాపురం... మీది ఏ పంచాయతీ అయినా కార్యాలయానికి వెళ్లి జీవవైవిధ్య రిజిస్టరు చూపించమని అడగండి. లేకపోతే రాయించండి. మీ ఊరి దిబ్బలు, గెడ్డలు, తోపులు, చెలమలు, వాటి మీద బతికేవాళ్ల పనులు అందులో ఎక్కించండి. యంత్రం వచ్చిన రోజున కలెక్టరు ముందు, కోర్టు ముందు పెట్టగలిగే కాగితం అదే. ఈ వర్షాకాలంలోనే ఆ పని మొదలుపెట్టండి.